వెనక్కి పారే నీళ్ళ లెక్క

మొదటి రోజు ఆ గదిలో ఉన్నవి ఇవి. నల్లబల్ల ఒకటి, ఎడమవైపు కింది మూల పెచ్చు లేచిపోయింది. ఫ్యాన్లు రెండు, తిరిగేది ఒకటి. కింద నాపరాళ్ళ నేల. కిటికీ బయట సైకిల్ స్టాండు, దాని రేకుల మీద మే నెల ఎండ. బెంచీలు పన్నెండు. మనుషులు పద్నాలుగు మంది. వాళ్ళలో పదమూడు మంది తిరిగే ఫ్యాను కిందున్న నాలుగు బెంచీల్లోనే ఇరుక్కుని కూర్చున్నారు. పద్నాలుగో మనిషి మా లెక్కల మేడం. బోర్డు దగ్గర నిలబడే ఆవిడకు ఏ ఫ్యానూ అందదు.

మాది గుడివాడ దగ్గర పల్లె. పాలిటెక్నిక్‌లో మెకానికల్ డిప్లొమా చేశాను. రొయ్యల చెరువుల్లో నీళ్ళకు గాలి పట్టించే ఏరియేటర్లు బాగుచేసే కంపెనీలో రెండేళ్ళు పనిచేశాను. పని బాగానే ఉండేది గానీ, మోటారు విప్పిన ప్రతిసారీ నాకు తెలియనిది మోటారు కాదనీ దాని వెనకున్న లెక్క అనీ అనిపించేది. మానేసి, లెక్కలూ కంప్యూటర్లూ కలిసిన డిగ్రీలో చేరదామని బందరు వచ్చాను. ఇంటర్లో లెక్కల గ్రూపు చదవనివాళ్ళు, అంటే ఒకేషనల్ వాళ్ళు, నాలాంటి డిప్లొమా వాళ్ళు, ఆ డిగ్రీలో చేరాలంటే ముందు ఎండాకాలంలో బీజగణితం కోర్సు చదివి పరీక్ష పాసవ్వాలి. యాభైకి ఇరవై రావాలి. రాకపోతే లెక్కలు లేని గ్రూపు తీసుకోవాలి. పేపరు తయారుచేసేదీ దిద్దేదీ మా కాలేజీ కాదు. ఆ రెండు పనులూ గుడివాడలో ఇంకో కాలేజీవి.

ఎవరెందుకు చేరారో చెప్పమన్నారు మేడం. ముందు బెంచీ చివర కూర్చున్నావిడ లేచింది. ఇరవై ఏడేళ్ళుంటాయి. దివిసీమలో నాగాయలంక అవతల, కృష్ణ ఒడ్డున ఊరు. ఒకేషనల్లో చేపల పెంపకం చదివి, పెళ్ళయి, అయిదేళ్ళ కూతురున్న మనిషి.

"లెక్కల టీచరవుదామనండి. మా ఊరి హైస్కూల్లో లెక్కలకి ఎవరొచ్చినా ఏడాది తిరక్కుండా బదిలీ చేయించుకుని ఎల్లిపోతారండి. నేనైతే ఎక్కడికీ ఎల్లను కదా. ఇంట్లో ఈ ఒక్క ఎండాకాలం ఇచ్చారండి. పాసైతే చదువుతా. పోతే మళ్ళీ అడగనని చెప్పొచ్చా."

వెనక బెంచీ నుంచి ఒక గొంతు వచ్చింది. "చెప్పొచ్చారా, రాసిచ్చారా అక్కా?"

"చెప్పానంతే."

"అయితే ఫర్లేదు. నోటిమాట మీద ఏ కేసూ నిలబడదు. కావాలంటే మన బందరు కోర్టులో కనుక్కోండి."

ఆ గొంతు బందరు కుర్రాడిది. ఇంట్లో గిల్టు నగల పని. నా ఈడువాడే. రెండో రోజుకల్లా అందరికీ భాయ్ అయిపోయాడు. దివిసీమ ఆవిడ అందరికీ అక్క. నేను మాత్రం డిప్లొమా పుణ్యమా అని "ఇంజినీరు గారు" అయ్యాను. ఆ పిలుపులో మర్యాద ఎంతో, వెటకారం ఎంతో విడదీసి చూపే సమీకరణం ఇప్పటికీ నాకు దొరకలేదు.

డిప్లొమాలో వర్గ సమీకరణం అంటే మాకు ఒక సూత్రం. మైనస్ బి, ప్లస్ ఆర్ మైనస్, రూటు కింద బి స్క్వేర్ మైనస్ ఫోర్ ఏసీ, అంతా బై టూ ఏ. కాలిక్యులేటర్లో మూడు అంకెలు కొడితే జవాబు పడేది. ఆ సూత్రం ఎక్కడినుంచి వచ్చిందని నేను ఏనాడూ అడగలేదు. బోల్టు బిగించేటప్పుడు అది ఎక్కడ తయారైందని అడుగుతామా?

మొదటి వారంలోనే ఒకరోజు మేడం సుద్దముక్క తీసుకుని నేల మీద కూర్చున్నారు. మేమంతా చుట్టూ చేరాం. బోర్డు మీద x² + 6x = 16 అని ఉంది. ఆవిడ నాపరాళ్ళ మీద ఒక చతురస్రం గీశారు.

"దీని భుజం x. వైశాల్యం x². ఇక ఆరు x లు ఉన్నాయి. రెండు భాగాలు చేసి, మూడు ఇటు అంటిస్తా, మూడు అటు అంటిస్తా. ఇప్పుడిది చతురస్రమా?"

"కాదండీ. మూల లేదు," అన్నాం.

"మూల ఎంత?"

"మూడు మూళ్ళు తొమ్మిది."

"అయితే పెట్టండి. సమీకరణంలో ఒక్క పక్కే పెడతారా?"

"రెండు పక్కలా పెట్టాలండీ!"

పదహారుకు తొమ్మిది కలిపితే ఇరవై అయిదు. పెద్ద చతురస్రం భుజం x + 3. కాబట్టి అది అయిదు, x రెండు. నేను నోరు తెరుచుకుని ఆ మూల వైపు చూస్తూ ఉండిపోయాను. మూడేళ్ళు నేను వాడిన సూత్రంలో రూటు కిందున్న బి స్క్వేర్ ఆ ఖాళీ మూలే!

"ఇంకో జవాబు కూడా ఉంది," అన్నారు మేడం లేస్తూ. "x + 3 మైనస్ అయిదు కూడా కావచ్చు. అప్పుడు x మైనస్ ఎనిమిది. దాన్ని ఈ నేల మీద గీయలేను. గీయలేకపోయినంత మాత్రాన లేకుండా పోదు."

ఆ సాయంత్రం గుడివాడ ప్యాసింజర్లో, అంకెలు తీసేసి a, b, c లు పెట్టి అదే బొమ్మ గీసుకుంటూ కూర్చున్నాను. పెడన దాటాక మొదలుపెట్టాను. కవుతరం వచ్చేసరికి సూత్రం మొత్తం నా చేతిలోంచే వచ్చేసింది. "వచ్చేసింది!" అని పైకే అన్నాను.

ఎదురు సీట్లో సంచులతో కూర్చున్న పెద్దాయన కిటికీలోంచి తొంగి చూశాడు. "ఏంటి బాబూ, కవుతరమేనా?"

"అవునండీ, అదీ వచ్చింది," అన్నాను.

తర్వాత మాటల లెక్కలు మొదలయ్యాయి. తండ్రి వయసు, కొడుకు వయసు. పొలం పొడవు, వెడల్పు. ప్రతి లెక్కా చివరికి వర్గ సమీకరణం అవుతుంది, రెండు మూలాలు వస్తాయి, వాటిలో ఒకటి దాదాపు ఎప్పుడూ రుణం. అక్కడ ఒక వాక్యం రాయాలి: "వయసు రుణాత్మకం కాదు కనుక ఈ విలువ తీసుకోరాదు." పదో తరగతి నుంచీ మా అందరికీ కంఠతా వచ్చిన వాక్యం. మేడం రెండో మూలం రాయగానే గదంతా ఒకే గొంతుతో అరిచేది: "తీసుకోరాదు!" మేడం దాన్ని అడ్డంగా కొట్టేసేవారు.

అక్కకు కారణాంకాలు చేతిలో నిలిచేవి కావు. ఏ రెండు అంకెలు గుణిస్తే ఇది, కలిపితే అది అని వెతుక్కుంటూ పేజీ నింపేసేది. భాగహారంలో దశాంశ బిందువు దగ్గర ఎప్పుడూ తడబడేది. మూడో వారం చిన్న పరీక్షలో పదికి మూడొచ్చాయి. ఆ మూడు చూసి నవ్వింది గానీ, మధ్యాహ్నం క్యారేజీ విప్పి తినకుండానే మూసేసింది.

"తీసుకోరాదు అని రాసే లైనొక్కటే నాకు తప్పుపోదు తమ్ముడూ," అంది నాతో. "ఆ లైనుకి ఇరవై మార్కులిస్తే ఎంత బాగుండు."

పడవ లెక్క వచ్చింది ఆ మర్నాడే.

నిలకడ నీటిలో పడవ వేగం గంటకు పది కిలోమీటర్లు. రేవు నుంచి సముద్రం వైపు పన్నెండు కిలోమీటర్లు వెళ్ళి, తిరిగి రేవుకు రావడానికి మొత్తం రెండున్నర గంటలు పట్టింది. నీటి వేగం ఎంత? నీటి వేగం x అనుకుంటే, నీటి వెంట వెళ్ళేటప్పుడు పడవ 10 + x తో పోతుంది, ఎదురు వచ్చేటప్పుడు 10 − x తో వస్తుంది. రెండు కాలాలూ కలిపి రెండున్నరకు సమానం చేస్తే, హారాలు పోయాక మిగిలేది x² = 4. మేడం రాశారు: x = 2, x = −2.

"తీసుకోరాదు!" అని పన్నెండు గొంతులు అరిచాయి.

అరవనిది అక్క. "మేడంగారూ, ఒక్క నిమిషం. అదెందుకు కొట్టేశారండీ?"

"నీటి వేగం రుణం కాదు కదమ్మా."

"ఎందుక్కాదండీ? నీళ్ళు ఎనక్కొస్తే?"

భాయ్ ఊరుకుంటాడా? "ఎనక్కి రావడానికి నదేమన్నా ఆర్టీసీ బస్సా అక్కా, డ్రైవరు రివర్సు గేరెయ్యడానికి?"

"నువ్వు సముద్రాన్ని ఆదివారాలు మంగినపూడిలో చూసేవోడివి, నీకేం తెలుసు," అంది అక్క పూర్తిగా వెనక్కి తిరిగి. "పోటొస్తే మా దగ్గర కృష్ణ ఎనక్కే నడుస్తది. రేవులో తాడు కట్టిన పడవ పొద్దున సముద్రం కేసి తిరిగుంటది, మధ్యాన్నానికి బెజవాడ కేసి తిరిగుంటది. ఆ పడవని పిలిచి నువ్వు తప్పు తిరిగావని చెప్తావా?"

గది గొల్లుమంది. నేను నవ్వలేదు. నా చెయ్యి అప్పటికే కాగితం మీద ఉంది. పోటు సమయంలో, అంటే సముద్రపు నీరు నదిలోకి ఎక్కి వచ్చేటప్పుడు, వెళ్ళేది ఎదురు. పన్నెండు కిలోమీటర్లకు గంటన్నర. వచ్చేది వెంట. గంట. మొత్తం రెండున్నర.

"మేడం, సరిపోయింది!" అని లేచి నిలబడ్డాను. "సముద్రం వైపు పోయే నీటిని ధనం అనుకుంటే, మైనస్ రెండు అంటే పోటు. రెండూ నిజమే. కొట్టెయ్యడానికి లేదు!"

ఆ క్షణంలో గదిలో జరిగినదాన్ని ఎలా చెప్పాలో తెలియదు. ఇన్నాళ్ళూ ఆ రెండో మూలం పెళ్ళి భోజనంలో మిగిలిపోయిన ఆకులా ఉండేది, తీసి పారేసేవాళ్ళం. అదిప్పుడు లేచి నిలబడి మాట్లాడింది. పన్నెండు మందిమీ ఒకేసారి మాట్లాడుతున్నాం. ఎవరో వయసు లెక్కలో రుణం వస్తే పుట్టకముందు సంవత్సరాలా అని అడుగుతున్నారు. భాయ్ తన బెంచీ మీదకు ఎక్కాడు.

నాకు ఇంకో ఆలోచన వచ్చింది. పడవ వెనక్కి తిరిగే చోటే, సరిగ్గా అదే సమయానికి, నీరు కూడా తిరిగితే? అప్పుడు రెండుసార్లూ నీటి వెంటే. సుద్దముక్క అడిగి తీసుకుని బోర్డు మీద రాశాను. ఇరవై నాలుగు కిలోమీటర్లు, వేగం 10 + x, కాలం రెండున్నర గంటలు. 10 + x విలువ 9.6 వచ్చింది. x మైనస్ పాయింట్ నాలుగు.

"తప్పు చేసుంటారు ఇంజినీరు గారు," అన్నాడు భాయ్.

మళ్ళీ చేశాను. అదే వచ్చింది. మైనస్ పాయింట్ నాలుగు. బోర్డు ముందు నిలబడి చూస్తూ ఉంటే మెల్లగా అర్థమైంది. రెండుసార్లూ వెంట అని మేం అనుకున్నాం. సమీకరణం ఒప్పుకోలేదు. కాదు నాయనా, అంతసేపు పట్టిందంటే నీళ్ళు రెండుసార్లూ నీకు ఎదురే అని జవాబిచ్చింది. మనం తప్పుగా అనుకుంటే ఆ తప్పును కూడా గుర్తుతో సహా చెబుతుందన్నమాట! ఏ మోటారూ నాతో అలా మాట్లాడలేదు.

మేడం ఖాళీ బెంచీ మీద కూర్చున్నారు. "ఇరవై ఏళ్ళుగా చెప్తున్నానయ్యా ఈ లెక్క. ఒక్కనాడూ పడవెక్కలేదు." నవ్వుతూనే ఉన్నారు. తర్వాత అక్క వైపు తిరిగారు. "బాగుందమ్మా. కానీ ఒకటి గుర్తుంచుకో. పేపరు దిద్దేది నేను కాదు. కీలో ఒకటే జవాబు ఉంటే ఒకటే ఉంటుంది. రెండూ రాయాలనుకుంటే x అంటే ఏంటో ముందే రాయి. ఏ దిక్కు ధనమో రాయి. అది రాయకపోతే నీ మాట ఎవరూ వినరు."

పరీక్షకు వారం ముందు కూతురికి జ్వరం వచ్చి అక్క క్లాసులకు రాలేదు. ఆదివారం నేనూ భాయ్ నోట్సు తీసుకుని బయల్దేరాం. పొద్దున్నే చేరితే పాటు నీటి వెంట, అంటే సముద్రంలోకి తిరిగి దిగే నీటి వెంట, దిగువకు పోయి, పోటు వెంట తిరిగి రావచ్చని అక్క ఫోన్లో చెప్పింది. మోపిదేవి దగ్గర మా బస్సు టైరు పోయింది. అవనిగడ్డలో ఇంకో బస్సు పట్టుకున్నాం. చేరేసరికి భోజనాల వేళయింది. పాపకు జ్వరం తగ్గి, మంచం మీద కూర్చుని ముంజలు తింటోంది. రొయ్యలూ గోంగూరా కలిపి వండిన కూర తినకుండా కదలడానికి లేదన్నారు అక్క అత్తగారు.

అక్క భర్తకు ఇంజను పడవ ఉంది. ఆయన మా మాటలు చాలాసేపు విన్నాడు.

"పరీక్షలో పడవ గురించి అడుగుతారా?"

"అడగొచ్చు," అంది అక్క.

"అయితే నీ బదులు నేనెళ్ళి రాసొస్తా."

"x ఎంతో చెప్పు మరి."

"అదేదో నాకెందుకు. పడవ సంగతి చెప్తా." ఆయన రేవు వైపు చూశాడు. "ఇప్పుడు బయల్దేరితే పోటు చివర. ఎల్లేటప్పుడు ఎదురు. తిరిగొచ్చేసరికి పాటు తీస్తది, మళ్ళీ ఎదురు. అటూ ఎదురే ఇటూ ఎదురే. డీజిలు దండగ."

నేనూ భాయ్ మొహాలు చూసుకున్నాం. అక్క చప్పట్లు కొట్టింది. "అదే! అదే కావాలి మాకు! బోర్డు మీద మూడో లెక్క అదే!"

"ఎదురు కావాలని ఎల్లేవాళ్ళని నేనెక్కడా చూళ్ళేదు," అన్నాడాయన. అయినా చుక్కాని పట్టుకున్నాడు.

నాలుగు కిలోమీటర్లు దిగువకు వెళ్ళాం. దూరం ఫోన్లో చూసుకున్నాం. రెండువైపులా మడచెట్లు, వాటి వేళ్ళ మధ్య బురద. నీళ్ళ మీద కొట్టుకొచ్చే ఆకులు మాకు ఎదురొస్తున్నాయి, సముద్రం నుంచి ఊరి వైపు. నేను చూడగలిగిన మొదటి మైనస్ గుర్తు అది. ఒడ్డున పడవ ఆపి కాసేపు చూశాం. ఆకులు నెమ్మదించాయి, ఒకచోట నిలిచి తిరిగాయి, తర్వాత సముద్రం వైపు కదిలాయి. మేం రేవు వైపు బయల్దేరాం. ఆగిన సమయం తీసేస్తే రానూ పోనూ ఎనిమిది కిలోమీటర్లకు గంట పట్టింది. ఇంజను వేగం పది అని ఆయన చెప్పాడు. పడవలోనే అక్క తన మోకాలి మీద కాగితం పెట్టుకుని చేసింది: 10 + x = 8. x = −2.

"ఎదురే!" అని అరిచింది. "లెక్క ఎదురే అంటంది!"

"నేను మొదట్నించీ అదే గదా అంటన్నా," అన్నాడు భర్త.

"నీ ఇంజను నిజంగా పదేనా బావా?" అన్నాడు భాయ్. "ఎనిమిదే పోతా పది అంటన్నావేమో. అప్పుడు నీటి తప్పేం లేదు, x సున్నా."

ఆ సందేహం న్యాయమైనదే. ఇంజను వేగాన్ని మేం విడిగా కొలవలేదు. నేను ఆ మాటే అంటే, దానికి ఇంకో ఆదివారం రండి అన్నాడాయన, ఈసారి సొంత డీజిలు తెచ్చుకుని. పడవ దిగేటప్పుడు అక్కతో అన్న మాట మాత్రం నాకు వినపడింది: "పాసైతే చూద్దాంలే. ముందు పాసవ్వు."

పరీక్షలో ప్రశ్నలు ఏడు. ఆరో ప్రశ్న పడవది, ఎనిమిది మార్కులకు. నిలకడ నీటిలో వేగం పదిహేను, సముద్రం వైపు ముప్పై ఆరు కిలోమీటర్లు వెళ్ళి తిరిగి రావడానికి అయిదు గంటలు. చదవగానే తల తిప్పకుండా ఉండలేకపోయాను. మూడు బెంచీల అవతల అక్క కూడా నా వైపే చూస్తోంది. నవ్వు ఆపుకోవడానికి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇన్విజిలేటర్ ఆమె దగ్గరకు వెళ్ళి నిలబడ్డాడు.

బయటకు వచ్చాక భాయ్ అడిగాడు, ఏడో ప్రశ్న ఎంత వచ్చిందని. "ఏడోది ముట్టుకోలేదు," అంది అక్క. పడవ లెక్కకు ఒకటిన్నర పేజీ రాసింది. కారణాంకాల ప్రశ్నలు రెండూ సగంలో వదిలేసింది. ముగ్గురం మెట్ల మీద కూర్చుని కూడాం. ఎలా కూడినా ఇరవైకి దగ్గరగా వచ్చి ఆగుతోంది.

ఫలితాలు వాట్సాప్ గ్రూపులో వచ్చాయి. నేను పాసు, భాయ్ పాసు. మొత్తం పదిమంది పాసు. అక్క పక్కన పద్దెనిమిది అని ఉంది. నా సొంత మార్కులు చూసుకోవాలని అరగంట దాకా గుర్తు రాలేదు. అక్కకు ఫోన్ చేస్తే ఎత్తలేదు. మేడంకు చేశాను. సందేహం ఉన్నవాళ్ళు గుడివాడ వెళ్ళి, దిద్దిన పేపరు అక్కడే చూసుకుని అడగొచ్చని నిబంధన ఉందట. "నేను రాకూడదు. అమ్మాయే మాట్లాడాలి. తీసుకెళ్ళు," అన్నారు.

గుడివాడ మా ఊరే అయినట్టు లెక్క. బస్టాండులో అక్కను నేనే దించుకున్నాను. భాయ్ బందరు నుంచి వచ్చాడు. రిక్షా స్టాండు దగ్గర అక్క ఆగి, "ఇంట్లో ఇంకా చెప్పలేదు తమ్ముడూ. సాయంత్రం ఎల్లి చెప్పాలి, ఏదో ఒకటి," అంది.

దిద్దిన మాస్టారు స్టాఫ్ రూములో టీ తాగుతున్నారు. రిటైర్మెంటుకు దగ్గరైన మనిషి. మమ్మల్ని గోడవారగా కూర్చోమని, అక్కకు ఎదురు కుర్చీ చూపించి, కట్టలోంచి పేపరు తీశారు. పడవ లెక్కకు ఎనిమిదికి అయిదు వేసి ఉన్నాయి. మైనస్ మూడు చుట్టూ ఎర్ర సున్నా, దాని కింద అర పేజీ మీద అడ్డగీత.

"కొట్టెయ్యవలసింది కొట్టెయ్యలేదమ్మా నువ్వు. పైగా పోటనీ పాటనీ ఏదో రాశావు. వేగం మైనస్ అని ఎవరన్నా అంటారా? బస్సు మైనస్ నలభైలో పోతోందంటావా?"

"బస్సుకైతే అననండి," అంది అక్క. గొంతు సన్నగా వచ్చింది.

"మరి?"

"బస్సు ఏ ఊరు పోద్దో ముందు బోర్డుంటదండి. నీళ్ళు ఎటు పోతన్నాయో మీ ప్రశ్నలో లేదండి."

మాస్టారు ప్రశ్నపత్రం దగ్గరకు లాక్కున్నారు. "సముద్రం వైపు వెళ్ళిందని ఉంది కదా."

"అది పడవండి. నీళ్ళ సంగతి చెప్పలేదు."

"నీళ్ళు సముద్రంలోకే పోతాయమ్మా, ఎక్కడైనా."

"గుడివాడలో పోతాయండి," అంది అక్క. ఈసారి గొంతు సొంత గొంతే. "మా దగ్గర రోజుకి రెండుసార్లు పోతాయి, రెండుసార్లు వస్తాయి. మైనస్ మూడు తీసుకెళ్ళి సమీకరణంలో పెట్టి చూశానండి, సరిపోయింది. సమీకరణం ఒప్పుకుంది, నది ఒప్పుకుంది. ఇంక కాదనేది ఎవరండీ?"

భాయ్ నా మోచేయి గట్టిగా పట్టుకున్నాడు. మాస్టారు టీ గ్లాసు కింద పెట్టి ఒక్కసారిగా నవ్వారు. "నేనొక్కణ్ణే అమ్మా." తర్వాత నవ్వు ఆపారు. "సరే. నీ లెక్కలో x అంటే ఏంటి?"

"సముద్రం కేసి పోయే నీటి వేగమండి. అటు పోతే ధనం, ఇటొస్తే రుణం. మొదటి లైన్లోనే రాశానండి, బొమ్మ పక్కన."

ఆయన పేజీ తిప్పారు. బొమ్మ ఉంది. బాణం గుర్తు ఉంది, బాణం మొన దగ్గర ప్లస్ ఉంది. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశారు. అయినా వెంటనే పెన్ను తియ్యలేదు. ఒక తెల్ల కాగితం అక్క ముందుకు తోశారు.

"అర్థమై రాశావా, ఎవరో చెప్తే రాశావా, అది చూడాలి నాకు. ఇదే పడవకు రెండుసార్లూ నీరు వెంటే ఉందనుకో. అయిదు గంటలే పట్టింది. x ఎంత?"

అక్కకు లెక్క వచ్చని నాకు తెలుసు. భాగహారం వస్తుందో లేదో తెలియదు. అక్క రాసింది: 15 + x, డెబ్బై రెండు బై అయిదు. అక్కడ ఆగింది. పెన్ను బిందువు దగ్గర తచ్చాడింది. పద్నాలుగు రాసి, ఆలోచించి, పక్కన బిందువు పెట్టి నాలుగు వేసింది. పదిహేను తీసేసింది. పాయింట్ ఆరు అని రాసింది. నేను కళ్ళు మూసుకున్నాను. తెరిచేసరికి దాని ముందు మైనస్ పెడుతోంది.

"మైనస్ పాయింట్ ఆరండి. వెంట అని మీరన్నారు, కాదండి. రెండుసార్లూ ఎదురే."

"ఎంత గట్టిగా ఎదురు?"

"గంటకి అరకిలోమీటరు పైచిలుకండి. గట్టిగా ఏం కాదు. చెయ్యి పెడితే తెలుస్తది, అంతే."

మాస్టారు ఎర్ర పెన్ను మూత తీశారు. పడవ లెక్క పక్కనున్న అయిదు కొట్టేసి ఎనిమిది వేశారు. పక్కన సంతకం పెట్టారు. మొదటి పేజీకి తిప్పి, మార్కులన్నీ పైనుంచి కిందికి ఒకసారి, కిందినుంచి పైకి ఒకసారి కూడారు. పద్దెనిమిది కొట్టేసి కొత్త మొత్తం రాశారు.

యాభైకి ఇరవై ఒకటి.